వెనిస్‌లో అరటిపండు కేసు

హైదరాబాద్ శివార్లలో ఒక ఇంటర్నేషనల్ స్కూలు. పేరు వద్దు. ఏ పేరు పెట్టినా ఆ పేరుతో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎక్కడో ఒక బడి నిజంగానే ఉంటుంది, దానికొక లాయరు గారూ ఉంటారు. ఆ బడివాళ్లు మే నెలలో తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇటలీలోని వెనిస్‌కు తీసుకెళ్లారనుకుందాం. పిల్లలు 46 మంది. పెద్దలు ఐదుగురు: ప్రిన్సిపాల్ మేడమ్, సోషల్ మాస్టారు, పీఈటీ సారు, ఇంగ్లిష్ టీచరు, ఇంకా మార్కెటింగ్ హెడ్డు. ఈ చివరాయనకు పాఠం చెప్పే పని లేదు, పిల్లల్ని కాసే పనీ లేదు. ఫొటోలు తీయాలి. టూరు జరిగేది ఆయన కోసమే.

తల్లిదండ్రులకు పంపిన సర్క్యులర్లో దీన్ని విహారయాత్ర అనలేదు, ‘లెర్నింగ్ ఎక్స్‌పెడిషన్’ అన్నారు. విహారయాత్ర అంటే తండ్రులు బేరమాడతారు. ఎక్స్‌పెడిషన్ అంటే ఈఎంఐ ఉందా అని అడుగుతారు. పిల్లలకు ఏమేం అబ్బుతాయో కూడా వరసగా రాశారు: చరిత్ర, క్రమశిక్షణ, పరుల సొత్తు పట్ల గౌరవం. ఈ మూడూ ఒక్కచోటే దొరుకుతాయని వెనిస్ గురించి వాళ్లకు ఎవరు చెప్పారో మరి.

ఊళ్లో కాలు పెట్టకముందే ప్రిన్సిపాల్ మేడమ్‌కు వెనిస్ మీద గౌరవం పుట్టింది. ఎందుకంటే ఆ ఊరు గుమ్మం దగ్గరే ఫీజు వసూలు చేస్తుంది. 2024 ఏప్రిల్ 25న మొదలైంది ఈ పద్ధతి. రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లు తలకు 5 యూరోలు కట్టాలి. మరుసటి ఏడాది నుంచి, ముందుగా బుక్ చేసుకోకుండా చివరి నిమిషంలో వస్తే 10. అక్కడి హోటల్లో రాత్రి బస చేసేవాళ్లు ఏమీ కట్టనక్కర్లేదు, కానీ కట్టనక్కర్లేదని చెప్పే క్యూఆర్ కోడ్ ఒకటి వెబ్‌సైటులో దరఖాస్తు చేసి తెచ్చుకోవాలి. ఇది ప్రయాణంలో మేడమ్‌కు అన్నిటికన్నా నచ్చిన సంగతి. ఫీజు లేదని చెప్పడానికి ఒక ఫారం! తమ బడిలో ఇంతకాలం ఈ ఆలోచన ఎవరికీ రాలేదు. ఇంతకీ ఫీజు వసూలు వేళలు పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా. అచ్చంగా బడి టైమే.

బస మాత్రం నీళ్ల మధ్య ఊళ్లో కాదు, నీళ్లకు ఇవతల నేల మీద ఉన్న మెస్త్రెలో. అదీ వెనిస్ నగరపాలిక కిందికే వస్తుంది కాబట్టి బ్రోషర్లో ‘వెనిస్‌లో బస’ అని రాసుకోవచ్చు. ఘట్‌కేసర్‌లో దించి చార్మినార్ పక్కన అనడం మన ట్రావెల్స్ వాళ్లకు కొత్తేమీ కాదు.

మొదటి రోజంతా లెక్కపెట్టడంతో గడిచింది. వెనిస్‌లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి. పీఈటీ సారు ప్రతి వంతెన ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి తలలు లెక్కపెట్టారు. ఈయన పిల్లల్ని లెక్కపెడుతుంటే ఊరు ఈయన్ని లెక్కపెడుతోంది: ట్రోంకెత్తో దీవిలో ఒక కంట్రోల్ రూము ఉంది, కెమెరాలతో, ఫోన్ సిగ్నళ్లతో ఆ క్షణాన ఊళ్లో ఎందరున్నారో చెబుతుంది. మూడో లెక్క ఇంకొకటుంది. రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల షాపు కిటికీలో చిన్న డిజిటల్ బోర్డు 2008 నుంచీ వెలుగుతోంది. పాత వెనిస్‌లో నిజంగా కాపురం ఉంటున్నవాళ్ల సంఖ్య అది. 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. 2022లో 50,000కు దిగువకు పడిపోయింది. మన సారు లెక్కలో ఒక్కడు తగ్గితే బస్సు కదలదు. ఆ బోర్డులో లక్షా పాతిక వేల మంది తగ్గితే మాత్రం బస్సులు ఎక్కువయ్యాయి.

టూరిస్టు బృందాలకు గైడు వెంట 25 మందికి మించకూడదని, లౌడ్‌స్పీకర్లు వాడకూడదని కూడా 2024లోనే రూలు పెట్టారు. అందుకని పిల్లల్ని రెండుగా విడగొట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి నడిపించారు. మన పిల్లలకు ఇయర్‌ఫోన్ అలవాటే గనక ఇబ్బంది పడలేదు. అందులో గైడు గొంతే వస్తోందా అన్నది ఎవరూ తనిఖీ చేయలేదు.

సెయింట్ మార్క్ చౌకులో, బసిలికా ముందు నిలబెట్టి గైడమ్మ కథ ఎత్తుకుంది. 828వ సంవత్సరం. వెనిస్‌కు అప్పటికే థియోడర్ అనే రక్షకుడున్నాడు గానీ, ఎదుగుతున్న ఊరికి ఆయన పలుకుబడి చాలదనిపించింది. ఇద్దరు వర్తకులు అలెగ్జాండ్రియా వెళ్లి, అక్కడి చర్చిలో పూజలందుకుంటున్న సెయింట్ మార్క్ భౌతికకాయాన్ని ఎత్తుకొచ్చేశారట. రేవులో ముస్లిం సుంకం అధికారులు సరుకు తనిఖీ చేస్తారు కదా. అందుకని బుట్టలో పైన పంది మాంసం పేర్చారు. మూత తీసిన అధికారులు మొహం తిప్పుకుని పొమ్మన్నారు. ఇదేమీ చాటుగా చెప్పుకునే ముచ్చట కాదు. బసిలికా ముఖద్వారాల మీద మొజాయిక్ బొమ్మల్లో వేయించుకున్నారు, అసహ్యించుకుంటున్న అధికారులతో సహా.

“అంటే దొంగతనమా సార్?” అని అడిగింది ముందు వరసలో ఒక పిల్ల.

సోషల్ మాస్టారు మేడమ్ వంక చూశారు. మేడమ్ ఫోన్ వంక చూసుకున్నారు.

“భక్తి అమ్మా” అన్నారు మాస్టారు.

వెనక వరసలో ఉన్న కుర్రాడు, అంతదాకా ఇయర్‌ఫోన్లో క్రికెట్ వింటున్నవాడు, వైరు పీకేసి ముందుకొచ్చాడు. “అడుగున చెయ్యి పెట్టి చూడలేదా సార్ కస్టమ్స్ వాళ్లు?” అన్నాడు. “లేదురా” అన్నారు మాస్టారు. తొమ్మిదేళ్లుగా వాణ్ని చదివిస్తున్న బడిలో వాడు వేసిన మొదటి ప్రశ్న ఇది. మార్కెటింగ్ హెడ్డు గారు వాడు చెయ్యెత్తిన ఫొటో తీసుకున్నారు.

తరవాత బసిలికా నెత్తి మీది నాలుగు గుర్రాలు. వీటి కథ ఇంకా సొగసైనది. 1201లో జెరూసలేం యుద్ధానికి పోదామనుకున్న క్రూసేడర్లు పడవలు కట్టించమని వెనిస్‌కు ఆర్డరిచ్చారు. 33,500 మంది వస్తామన్నారు, అందులో మూడోవంతు వచ్చారు. బిల్లు మాత్రం మొత్తానికి వచ్చింది. డబ్బు చాలలేదు. వెనిస్ ఏలిక, అంటే డోజ్, పేరు ఎన్రికో దాందోలో, తొంభై ఏళ్ల పైబడిన ముసలాయన, కళ్లు కనిపించవు. లెక్కలు మాత్రం కనిపిస్తాయి. బాకీ కట్టలేకపోతే కట్టకండి, ముందు దారిలో జారా పట్నం కొట్టిపెట్టండి అన్నాడు. కొట్టారు. అది క్రైస్తవుల ఊరే. ఆ తరవాత అందరూ కలిసి కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇప్పటి ఇస్తాంబుల్, వెళ్లారు. అదీ క్రైస్తవుల ఊరే. 1204లో దాన్ని మూడు రోజులు దోచారు. జెరూసలేం సంగతి మళ్లీ చూద్దామనుకున్నారు. కంచు గుర్రాలు అలా వచ్చాయి. ఫీజు బాకీలు రాబట్టే విధానాల మీద ఎన్నో వర్క్‌షాపులకు వెళ్లొచ్చిన ప్రిన్సిపాల్ మేడమ్ ఈ ఘట్టంలో ఫోన్ పక్కన పెట్టి శ్రద్ధగా విన్నారు.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని మనవాళ్లన్నది చిల్లర దొంగల గురించి. దాందోలో దొరికినా దొరే. ఆయన్ను ఆ దోచిన ఊళ్లోనే, హాగియా సోఫియాలో సమాధి చేశారు.

1797లో నెపోలియన్ వచ్చి వెనిస్ గణతంత్రాన్ని ముగించి, ఆ గుర్రాల్ని పారిస్‌కు పట్టుకుపోయాడు. ఈ మాట చెబుతున్నప్పుడు గైడమ్మ గొంతు బరువెక్కింది. ఎంత దారుణమో చూడండి, పరుల వారసత్వాన్ని దోచుకుపోవడం! 1815లో నెపోలియన్ ఓడిపోయాక న్యాయం జరిగింది, గుర్రాలు సొంతదారులకు తిరిగొచ్చేశాయి. సొంతదారులంటే వెనిస్ వాళ్లే. ఇస్తాంబుల్ అడ్రసు ఎవరూ అడగలేదు. ఇప్పుడు బయట కనిపించేవి నకళ్లు, అసలువి లోపల మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. కాలం బాగాలేదు కదా, దొంగల భయం.

బసిలికా మూలన ఎర్రరాతి విగ్రహం ఒకటుంది, నలుగురు రోమన్ పాలకులు ఒకర్నొకరు కావలించుకుని నిలబడి ఉంటారు. అదీ కాన్‌స్టాంటినోపుల్ సరుకే. నలుగురిలో ఒకాయనకు పాదం లేదు, వెనిస్ వాళ్లు తెల్లరాయితో అతుకేశారు. అసలు పాదం ముక్క 1960ల్లో ఇస్తాంబుల్ తవ్వకాల్లో దొరికింది, అక్కడి మ్యూజియంలో ఉంది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ పోలీస్ స్టేషన్‌కూ దొరకదు. అయినా ఎఫ్ఐఆర్ లేదు.

ఇక ఒడ్డున స్తంభం మీద నిలబడ్డ రెక్కల సింహం. వెనిస్ రాజముద్ర, ఊరి ఆత్మ, మాస్కుల మీదా మగ్గుల మీదా టీషర్టుల మీదా అదే. పదువా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని లోహాన్ని పరీక్షించి 2024లో చెప్పిందేమిటంటే, ఆ రాగి చైనాలోని యాంగ్‌ట్సీ లోయది, బహుశా తాంగ్ రాజుల కాలంలో సమాధుల ముందు కాపలా పెట్టే మృగాన్ని సింహంగా మార్చి ఉంటారు అని. పిల్లలు కొన్న సింహం కీచెయిన్లు చైనా మాలేనని పీఈటీ సారు చిరాకుపడ్డారు గానీ, ఆ లెక్కన ఊళ్లో కెల్లా నిఖార్సైన నకళ్లు అవే.

రెండో రోజు పొద్దున అసలు ఘోరం జరిగింది.

మెస్త్రె హోటల్లో టిఫిన్ బల్ల దగ్గర ఒక అమ్మాయి, తిన్నంత తిన్నాక, ఒక అరటిపండు తీసి బ్యాగులో వేసుకుంది. మధ్యాహ్నం ఆకలేస్తుందని. హోటల్ మేనేజరు చూశాడు. రిసెప్షన్‌కు కబురంపాడు. ప్రిన్సిపాల్ మేడమ్ 46 మందినీ లాబీలో నిలబెట్టారు. ముందు దేశం పరువు, తరవాత రాష్ట్రం పరువు, చివరగా బడి పరువు. మనది కాని వస్తువు మీద చెయ్యి వేయడం ఎంత నీచమో ఆవిడ చెబుతుంటే రిసెప్షన్ గోడ మీద ఆ నాలుగు గుర్రాల పోస్టరు వేలాడుతోంది. ఆ పిల్ల ఏడ్చింది. అరటిపండు తిరిగిచ్చేసింది. హోటల్ వాళ్లు దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టలేరు కాబట్టి చెత్తబుట్టలో వేశారు. సారీ లెటరు రాయించారు, ఇంగ్లిష్ టీచరు అందులో రెండు తప్పులు దిద్ది మళ్లీ రాయించారు. ఇటలీ వాళ్లు అరటిపండు పోయినా భరిస్తారు గానీ ఆర్టికల్ పోతే భరించరని ఆవిడ భయం.

విచారణ నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు డోజ్ ప్యాలెస్ లోంచి కోసేశారు. నిజానికి మా ఉద్దేశంలో ఆ భవనంలో ఉన్నంతగా మన బడులకు పనికొచ్చే సరుకు ఇంకెక్కడా లేదు. గోడల్లో సింహం నోళ్లున్నాయి. పక్కవాడి మీద రహస్య ఫిర్యాదు రాసి ఆ నోట్లో వేస్తే చీటీ లోపలికి పోయేది. 1310లో పుట్టిన పదిమంది సభ ఇలాంటివాటి మీదే విచారణలు నడిపేది. క్లాస్ లీడరు ఆ రంధ్రంలోకి చాలాసేపు చూశాడు, ఇంత సదుపాయం చేతిలో లేకుండా తాను ఇన్నాళ్లు ఎలా నెగ్గుకొచ్చానా అని. పెద్ద సభామందిరంలో డోజ్‌ల చిత్రపటాలు వరసగా ఉంటాయి. ఒక్కచోట మాత్రం మొహం బదులు నల్లటి ముసుగు బొమ్మ: మరీనో ఫలియేరో, సొంత ప్రభుత్వాన్నే కూలదోయబోయి 1355లో తల పోగొట్టుకున్న ఏలిక. మార్కెటింగ్ హెడ్డు గారికి దీని ఉపయోగం వెంటనే తట్టింది. పోటీ బడికి వెళ్లిపోయిన టాపర్ల ఫ్లెక్సీలు ఇంకా గేటు దగ్గర ఉన్నాయి.

నిట్టూర్పుల వంతెన దాటుతూ, ప్యాలెస్ కప్పు కింది జైలు గదుల నుంచి 1756లో కాసనోవా పారిపోయాడని గైడమ్మ చెప్పింది. కాసనోవా ఎవరని పిల్లలు అడిగారు. సోషల్ మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి “లైబ్రేరియన్” అన్నారు. అబద్ధం కాదు. ముసలితనంలో బొహీమియాలో ఒక జమీందారు కోటలో ఆయన చేసిన ఉద్యోగం అదే.

మురానో దీవిని గబగబా చుట్టేశారు. ఎక్కడైనా స్కూలు టూర్లలో గాజు బట్టీ చూపించడం పది నిమిషాలు, పక్కనున్న షాపులో తిప్పడం గంట. అయితే అగ్గి భయంతో 1291లో గాజు పనివాళ్లందరినీ ఈ దీవికి తరలించారనీ, పనితనం బయటికి పొక్కకూడదని వాళ్లు రాజ్యం విడిచిపోకుండా కట్టడి చేశారనీ గైడమ్మ అన్నప్పుడు మేడమ్ మొహం వెలిగింది. టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని తాళం వేయడం తమ మేనేజ్‌మెంటు కనిపెట్టిన పద్ధతేనని ఇన్నాళ్లూ అనుకున్నారావిడ. పక్కనే ఉన్న సోషల్ మాస్టారు ఏమీ అనలేదు. ఆయన సర్టిఫికెట్లూ ఆ బీరువాలోనే ఉన్నాయి.

మాస్టారికి ఈ టూరు మొత్తం మీద ఒక్కటే కోరిక. రియాల్టోకు కూతవేటు దూరంలో, మాలిబ్రాన్ నాటకశాల వెనక, మార్కో పోలో కుటుంబం ఇల్లున్న చోటు ఉంది. ఇల్లు లేదు, గోడకు ఒక పలక ఉంది. ఆఖరి రోజు బతిమాలితే పది నిమిషాలిచ్చారు. విగ్రహం ఉందా అని మార్కెటింగ్ హెడ్డు గారు అడిగి, లేదనగానే 40 మందిని ఐస్‌క్రీమ్ షాపు వైపు మళ్లించారు. మిగిలిన ఆరుగురికీ మాస్టారు చెప్పారు: ఈ ఇంటివాడు మన తీరం గురించి రాశాడు. మోటుపల్లి రేవుని ముత్‌ఫిలి అన్నాడు. ఒక రాణి అక్కడ న్యాయంగా ఏలుతోందన్నాడు, చరిత్రకారులు ఆవిడ మన రుద్రమదేవి అంటారు. సాలెగూడంత సన్నటి బట్టలు నేస్తారన్నాడు. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాల్ని గద్దలు పైకి తెస్తాయని కూడా అన్నాడు, అది వదిలేయండి. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244-45లో ఆ మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారట. నేను అలా చేయను, సుంకం తప్ప ఇంకేమీ ముట్టను అని దేశదేశాల వర్తకులకు అభయమిచ్చాడు. ఈ ఊరివాళ్లు కాన్‌స్టాంటినోపుల్‌ను ఊడ్చుకొచ్చిన నలభై ఏళ్లకు.

మాస్టారి కళ్లలో నీళ్లు. వెనక వరస కుర్రాడు, ఐస్‌క్రీమ్ వదులుకుని మరీ నిలబడ్డవాడు, అడిగాడు.

“మరి ఆ రాజు గారి దగ్గర కంచు గుర్రాలున్నాయా సార్?”

“లేవురా.”

“ఏమున్నాయి?”

“శాసనం ఉంది. గుళ్లో, రాతిస్తంభం మీద.”

“టికెట్ ఎంత?”

“టికెట్ లేదు నాన్నా.”

కుర్రాడు మరేమీ అడగలేదు. లోపల ఏదో లెక్క తేల్చుకున్నట్టు తలాడించాడు. ఈలోగా పీఈటీ సారు విజిల్ ఊదారు.

తిరుగు ప్రయాణం పొద్దున హోటల్ మేనేజరు మళ్లీ వచ్చాడు. ఈసారి జామ్. టిఫిన్ బల్ల మీద పెట్టే బుల్లి గాజు సీసాలు, జామ్‌వీ తేనెవీ, మూడు రోజులుగా తరిగిపోతున్నాయట. మేడమ్ సూట్‌కేసులన్నీ తెరిపించమన్నారు. అరటిపండు అమ్మాయి పెట్టెను పీఈటీ సారు అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువసేపు సోదా చేశారు, సాక్సుల్లో కూడా చెయ్యి పెట్టి. ఏమీ దొరకలేదు. ఇంకో ఇద్దరి దగ్గర చక్కెర పొట్లాలు దొరికాయి, మార్కెటింగ్ హెడ్డు గారి దగ్గర హోటల్ చెప్పులు దొరికాయి. చెప్పులు కాంప్లిమెంటరీ అని తేలింది.

వెనక వరస కుర్రాడి వంతు వచ్చింది. జిప్ తీయగానే పైన వాళ్లమ్మ పెట్టిచ్చిన గోంగూర పచ్చడి డబ్బా, మూత వదులు చేసి, నూనె కారుతూ. దాని కింద ఐదు రోజుల ఉతకని బట్టలు, ఆ నూనెలో నానుతూ. పీఈటీ సారు వంగారు, మొహం తిప్పుకున్నారు, జిప్ లాగేశారు.

“ఇది క్లియర్. నెక్స్ట్.”

ఇంటికొచ్చాక వాళ్లమ్మ పెట్టె దులిపితే అడుగున సీసాలు బయటపడ్డాయి. ఎక్కడివిరా అంటే “వెనిస్‌వి” అన్నాడు. ఆవిడ ఒక్కొక్కటీ కడిగి తుడిచి, హాల్లో షోకేసులో, ముందు అరలో, వచ్చినవాళ్ల కళ్లు ముందు వాటి మీదే పడేటట్టు పేర్చింది.